కూడలికి పారే వాయువును కొలవబోతున్న మేనకోడలికి

చిన్నీ,

పీహెచ్‌డీకి భారీ నక్షత్రాల పుట్టుకను ఎంచుకున్నావనీ, ఫిలమెంట్ల వెంట, అంటే మేఘంలోని పొడవాటి వాయు పోగుల వెంట, అవి కలిసే కూడలికి వాయువు ఎంత పారుతుందో చిలీలోని అల్మా రేడియో టెలిస్కోపు శ్రేణి డేటాతో లెక్కకడతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! ఆ వెనకే గుబులూ పట్టుకుంది. ఈ పనిలో అందమైన పటం తొందరగా చేతికొస్తుంది. అందులో ఉన్నది నిజమో కాదో తేల్చడానికే ఓపిక కావాలి, నీకేమో చిన్నప్పటి నుంచీ తొందర. నిన్ను అల్మా ఉన్న అటకామా ఎడారికి, 5000 మీటర్ల ఎత్తుకు పంపేస్తారని అమ్మ భయం. అలాంటిదేం లేదని చెప్పు. పరిశీలన అక్కడి సిబ్బందే చేస్తారు, డేటా నీ కంప్యూటర్‌కే వస్తుంది.

తేలికవి ముందు. దూరం బాగా తెలిసిన మేఘాన్నే తీసుకో, దూరం పది శాతం తప్పితే ద్రవ్యరాశి ఇరవై శాతం తప్పుతుంది. ధూళి అంతటా ఒకే చల్లదనంలో ఉందనుకోకు. వెచ్చని కూడలిని 15 కెల్విన్ అనుకుంటే లేని బరువు కనిపిస్తుంది. 10 కెల్విన్ వాయువులో పార్సెక్ (సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) పొడవుకు సుమారు 16 సూర్యుళ్ళ ద్రవ్యరాశి దాటితే ఆ పోగు తన బరువుకు తనే కుంగుతుంది. ముందు ఆ లెక్క చూడు.

వాయువు వేగం కొలవడానికి ఏ అణువు రేఖను, అంటే అది వెలువరించే నిర్దిష్ట తరంగాన్ని, నమ్మాలన్నది కాస్త చిక్కు. బాగా చల్లని చోట సీ18ఓ (బరువైన ఆక్సిజన్ ఉన్న కార్బన్ మోనాక్సైడ్, సీఓ) ధూళి రేణువుల మీద గడ్డకట్టి కనబడకుండా పోతుంది. అక్కడ ఎన్2హెచ్‌ప్లస్ అనే అయాన్ ఆదుకుంటుంది. 93.17 గిగాహెర్ట్జ్ దగ్గర దాని రేఖ ఏడు ముక్కలుగా ఉంటుంది, విడిగా నిలిచిన ముక్కతో వేగం తియ్యి. కానీ ధూళి 20 కెల్విన్ దాటి వేడెక్కితే సీఓ మళ్ళీ వాయువై ఈ అయాన్‌ను తినేస్తుంది. అంటే సరిగ్గా నక్షత్రం పుట్టే చోటే నీ సాక్షి మాయం. అక్కడికి మరో అణువును ముందే సిద్ధం చేసుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. వాయువు లోపలికి కూలుతోందనడానికి హెచ్‌సీఓప్లస్ అనే మరో అయాన్ రేఖలో ఒక గుర్తు వెతుకుతారు. మనవైపు ఉన్న చల్లని పొర మననుంచి దూరంగా, కేంద్రం వైపు జరుగుతూ, దూరమయ్యే వాయువుకు చెందిన ఎరుపు వైపు కాంతిని మింగేస్తుంది. దాంతో రేఖ నడుమ గుంట పడి, నీలం వైపు శిఖరం ఎత్తుగా మిగులుతుంది. ఆ గుంట కనబడగానే చెయ్యి ఆగదు, పేపరు రాసేయాలనిపిస్తుంది. అల్మా ఒక్కదాని డేటాలో ఆ గుంటను నమ్మకు తల్లీ! 12 మీటర్ల యాంటెన్నాలు 12 మీటర్ల కన్నా దగ్గరకు రాలేవు. అందుకే 3 మిల్లీమీటర్ల తరంగంలో, ఎంత దగ్గరగా పేర్చినా, సుమారు 30 ఆర్క్‌సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) కన్నా విశాలమైన వెలుగును అవి పట్టలేవు. మేఘం సొంత వేగం దగ్గరే వాయువు అన్నిటికన్నా విశాలంగా పరుచుకుని ఉంటుంది. పోయేది అదే. పోయిన చోట రేఖలో గుంట పడుతుంది, కూలుతున్న వాయువు చేసే గుంటలాగే! పోగు కూడా ముక్కలైనట్టు కనబడి, ఆ ముక్కలన్నీ నక్షత్రాల గర్భాలనిపిస్తాయి.

2013లో పెరెటో బృందం ఎస్‌డీసీ335 అనే మేఘాన్ని చూసిన తీరు గమనించు. 3.25 కిలోపార్సెక్‌ల దూరం, 5500 సూర్యుళ్ళ ద్రవ్యరాశి, నడుమ ఒక్క కోర్‌లోనే, అంటే దట్టమైన ముద్దలోనే, 545. పోగుల వేగాలు అల్మాతో తీశారు. కూలడానికి గుర్తును మాత్రం ఆస్ట్రేలియాలోని మోప్రా అనే ఒంటి డిష్‌తో చూశారు. కూడలికి చేరేది ఏడాదికి 0.0025 సూర్యుళ్ళని తేలింది. అది కూడలికి చేరే లెక్కే, అందులో నక్షత్రానికి దక్కేది ఎంతన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలపకు.

నువ్వు చెయ్యాల్సింది: ప్రతిపాదనలోనే అల్మాలోని 7 మీటర్ల చిన్న యాంటెన్నాల శ్రేణి, విశాలమైన వెలుగును పట్టే ఒంటి డిష్ కొలత అయిన టోటల్ పవర్ రెండూ అడుగు. అన్నీ కలిపాక పటాన్ని ఒంటి డిష్ చూపంత మసకబార్చి, ఒక్కో వేగం దగ్గర వెలుగు ఆ డిష్ కొలతతో సరిపోతుందో లేదో చూడు. హెచ్13సీఓప్లస్ (బరువైన కార్బన్ ఉన్న అదే అయాన్) లాంటి, తన కాంతిని తనే మింగేయని పలుచని రేఖ శిఖరం గుంట ఉన్నచోటే నిలవాలి. అదీ రెండుగా చీలిందంటే నువ్వు చూస్తున్నవి ఒకదాని వెనక ఒకటున్న రెండు మేఘాలు కావచ్చు.

వేగం మారుతున్నంత మాత్రాన పారుతున్నట్టు కాదు. పోగు బిరుసు కర్రలా తిరుగుతున్నా ఒక కొస ఎరుపు, మరో కొస నీలం అవుతాయి. అలా తిరిగేదానికి బయటికి వెళ్ళేకొద్దీ వేగం పెరుగుతుంది, కూలేదానికి కూడలికి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతుంది. వాలును కూడా మరిచిపోకు. 100 సూర్యుళ్ళ పోగులో పార్సెక్‌కు సెకనుకు ఒక కిలోమీటరు తేడా ఉంటే, ఆకాశతలానికి 45 డిగ్రీల వాలులో పది లక్షల ఏళ్ళకు దాదాపు 100 సూర్యుళ్ళు పారతాయి. 30 డిగ్రీలైతే 175, 60 అయితే 60. వాలు మనకు కనబడదు కదా, అందుకే ఒక్క అంకె కాకుండా మూడూ రాయి.

ప్రతిపాదన పంపే ముందు టోటల్ పవర్ అడిగావో లేదో ఫోన్ చేసి చెప్పు. రాత్రి రెండైనా ఫరవాలేదు, ఎత్తుతాను.

మామయ్య