టెక్ సందేహాలు: కొలతల షీటు ఎవరెవరి ఫోన్లలో ఉంది?

ప్రశ్న: కుట్టిన ప్రతి బట్ట వివరాలూ ఒక యాప్‌లో రాసుకుంటున్నాను. గుడ్డ ఫొటో, ప్యాటర్న్, నేను చేసిన మార్పులు అన్నీ అందులోనే ఉన్నాయి. అప్‌డేట్ వచ్చాక పాతవి చూడాలన్నా చందా కట్టమంటోంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే సరిపోతుందా?

ఆ పని మాత్రం చేయకండి. సమాచారమంతా ఫోన్‌లోనే దాచే యాప్ అయితే, అన్‌ఇన్‌స్టాల్ నొక్కగానే అంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. సెట్టింగ్స్‌లో ఉండే ‘క్లియర్ డేటా’ నొక్కినా అంతే. ‘క్లియర్ క్యాష్’తో ఆ భయం లేదు. ఈ రెండు బటన్లనూ పక్కపక్కనే పెట్టిన మహానుభావులకు ఒక నమస్కారం.

యాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ ఉందేమో వెతకండి. ఉంటే ఏ అకౌంట్ పేజీలోనో అట్టడుగున ఉంటుంది. లేకపోతే ఒక్క నెలకు చందా కట్టి, ఆటో రెన్యూవల్ అప్పుడే ఆపేసి, నెల తిరిగేలోగా అన్నీ బయటికి లాగేయండి. పేజీ పేజీకీ స్క్రీన్‌షాట్ తీయాల్సి వచ్చినా తప్పదు. కొత్త సదుపాయాలకు డబ్బు అడిగితే నేనేమీ అనను, యాప్ తయారుచేసేవాళ్లూ బతకాలి. మీ చేత్తో మీరు టైపు చేసుకున్నది మీకే చూపించడానికి డబ్బడగడం మాత్రం దౌర్జన్యం. కుట్టుపని రాసుకునేవాళ్లు, మొక్కల డైరీ పెట్టుకునేవాళ్లు, పిల్లల టీకాల తేదీలు దాచుకునేవాళ్లు అందరూ ఇదే గోడు రాస్తున్నారు.

ఇకముందు ఏ యాప్ మొదలుపెట్టినా రెండు బట్టల వివరాలు ఎక్కించి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును వేరే పరికరంలో తెరిచి చూడండి. ఫొటోలతో సహా వస్తేనే మూడోది ఎక్కించండి. నన్నడిగితే యాపే అక్కర్లేదు. బట్టకో ఫోల్డర్, అన్నిటికీ కలిపి ఒక షీటు (స్ప్రెడ్‌షీట్) చాలు. ఫోల్డర్ పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి: 2025-03-14-నీలం-చొక్కా. ఇలా రాస్తే ఏ పరికరంలోనైనా వాటంతటవే తేదీల వరుసలో నిలబడతాయి. షీటును అప్పుడప్పుడూ సీఎస్‌వీగా దించుకోండి. అది ఉత్త టెక్స్ట్ ఫైలు, దాన్ని తెరవలేని కంప్యూటర్ అంటూ ఉండదు. తెరిచినప్పుడు తెలుగంతా పిచ్చిగీతల్లా కనిపిస్తే కంగారు పడకండి. ఫైలు చెడిపోలేదు. సేవ్ చేయకుండా మూసేసి, ఇంపోర్ట్ ద్వారా తెరుస్తూ అక్షరాల పద్ధతి (ఎన్‌కోడింగ్) దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి.

పూర్తయిన బట్టను అందరూ ఫొటో తీస్తారు. మళ్లీ అదే రకం గుడ్డ కుట్టేటప్పుడు అక్కరకొచ్చేది మాత్రం, మొదలుపెట్టే ముందు ముక్క మీద వేసి చూసిన కుట్టు. ఆ ముక్క పక్కన టేపు పెట్టి, పగటి వెలుతురులో పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి తీయండి. పై దారం వదులుగా ఉంటే అడుగున ఉచ్చులు ఉచ్చులుగా కనిపిస్తుంది, పైనుంచి చూస్తే తెలియకపోవచ్చు. సూది నంబరు, కుట్టు పొడవు, టెన్షన్ (దారం బిగువు) డయల్ మీద అంకె ముక్క మీదే పెన్నుతో రాసి ఫొటో తీస్తే ఇంకా మంచిది. 80/12, 2.5, 4 అని మూడు ముక్కలు చాలు. (80 అంటే సూది మందం 0.80 మిల్లీమీటర్లు.) అవి ఫొటోలోనే ఉంటాయి కాబట్టి ఏ యాప్ మూతపడినా మీకు పోయేదేమీ లేదు.

ప్రశ్న: షీటులో కుట్టు మార్జిన్ 5/8 అని కొడితే తేదీ అయి కూర్చుంటోంది. మళ్లీ మామూలుగా మారిస్తే ఏదో అయిదంకెల సంఖ్య వస్తోంది. నా షీటుకు వైరస్ పట్టిందా?

వైరస్ కాదు, అతి తెలివి. స్ప్రెడ్‌షీట్లు తేదీని లోపల ఒక సంఖ్యగా దాచుకుంటాయి, మీకు కనిపించిన అయిదంకెలు అవే. ఒకసారి తేదీగా మారాక మీరు కొట్టిన 5/8 పోయినట్టే, మళ్లీ కొట్టాలి. ఈసారి ముందే ఆ కాలమ్ మొత్తం సెలక్ట్ చేసి ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చండి. కూడికలు కావాలంటే 5/8కి బదులు 0.625 అని రాయండి. ఈ జాడ్యం ఎంత దూరం పోయిందంటే, మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. సెప్ట్1 అని రాస్తే స్ప్రెడ్‌షీటు సెప్టెంబరు 1 అనుకుంటోందని దాన్ని సెప్టిన్1 చేశారు. అప్పట్లో ప్రోగ్రామ్ మారలేదు, జన్యువు పేరు మారింది!

ప్రశ్న: మేమిద్దరం కలిసి బట్టలు కుడతాం. కస్టమర్ల కొలతలు, ఏ బట్ట ఎప్పుడివ్వాలో అన్నీ ఒక ఆన్‌లైన్ షీటులో ఉన్నాయి. ఈమధ్య ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. లింక్ కింద ఇచ్చాం, చూసి చెప్పగలరు.

లింక్ నొక్కాను. తెరుచుకుంది. నేనెవరినో అడగలేదు, లాగిన్ కూడా అడగలేదు. మొదటి తెరలోనే పేర్లు, ఫోన్ నంబర్లు, ఛాతీ, నడుము, చంక, భుజం, డెలివరీ తేదీ, ఇంకా రావాల్సిన బాకీ. చివరి గడిలో ట్రయల్ వేసుకున్నప్పుడు తీసిన ఫొటోలు. కిందికి జరపకుండా మూసేసి ఆ ఇద్దరికీ విడిగా రాశాను. లింక్ మూసేశామని జవాబొచ్చాకే ఈ ప్రశ్న ఇక్కడ వేస్తున్నాను.

అడిగినదానికి జవాబు చిన్నదే. ఫొటోలు గడుల్లో అతికించారు కాబట్టి షీటు బరువెక్కింది. వాటిని ఫోల్డర్‌లోకి మార్చి, గడిలో ఫైలు పేరు రాస్తే చాలు. షీటు ఎంత నెమ్మదిగా తెరుచుకున్నా ప్రాణం పోదు. అది ఎవరికి పడితే వాళ్లకు తెరుచుకుంటోంది, నాకు టెన్షన్ అక్కడ.

‘మా కొలతలతో దొంగలకేం పని’ అని చాలామంది అంటారు. కొలతల సంగతి పక్కన పెట్టండి. మీ కస్టమర్‌కు ఒక ఫోన్ వస్తుంది: ‘మీ ఆకుపచ్చ గౌను తయారైంది, శుక్రవారం ఇస్తామన్నాం కదా, మిగిలిన డబ్బు ఈ నంబరుకు పంపేస్తే ఇంటికే తెచ్చిస్తాం.’ పేరు సరిపోయింది, రంగు సరిపోయింది, తేదీ సరిపోయింది, బాకీ పైసలతో సహా సరిపోయింది. ఎవరైనా నమ్ముతారు. ఈ నాలుగూ మీ షీటులో ఒకే వరుసలో ఉన్నాయి. ఇక ట్రయల్ ఫొటోలు. ముఖం, నిలువెత్తు ఆకారం స్పష్టంగా ఉన్న ఫొటోతో ఇప్పుడు ఎంత నీచమైన పని చేయొచ్చో నేను వివరించక్కర్లేదు. కస్టమర్లు చిన్నపిల్లలైతే ఈ విషయంలో ‘చూద్దాంలే’ అనే మాటే ఉండకూడదు.

‘నంబర్ల కాలమ్ దాచేశాం కదా’ అని ఇంకొకరు రాశారు. దాచిన కాలమ్ మీ తెర మీద కనిపించదు, అంతే. లింక్ ఉన్న మనిషి షీటుకు కాపీ చేసుకుని, ఆ కాపీలో దాన్ని బయటికి తీయొచ్చు. మీరు లింక్ ఎవరికో ఒకరికి పంపితే ఆయన ఇంకొకరికి పంపుతాడు. లింక్ ఆపేశాక కూడా, అప్పటికే కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర కాపీ ఉండిపోతుంది.

షేరింగ్‌లో ‘లింక్ ఉన్న ఎవరైనా’ అన్నదాన్ని తీసేసి, మీ ఇద్దరి ఈమెయిళ్లు మాత్రం పెట్టుకోండి. రెండు అకౌంట్లకూ టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. షీటులో పేరుకూ, ఫోన్ నంబరుకూ బదులు ఒక కోడ్ రాయండి, క-17 అన్నట్టు. క-17 ఎవరో ఫోన్ కాంటాక్ట్స్‌లో ఉంటే చాలు. అప్పుడు షీటు ఒక్కటే బయటపడినా దొంగకు అంకెలే దక్కుతాయి. ట్రయల్ ఫొటో అడిగి తీయండి, మెడ కిందినుంచే తీయండి, బట్ట అప్పగించిన రోజే చెరిపేయండి, ట్రాష్‌లోంచి కూడా. ఇంట్లో అందరికీ ఒకే అకౌంట్ అయితే మీరు తీసిన ఫొటో పిల్లలు ఆడుకునే ట్యాబ్‌లోనూ ప్రత్యక్షమవుతుందని మరవకండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే కస్టమర్ ఇంటికెళ్లి తీసిన ఫొటోలో ఆ ఇల్లెక్కడుందో కూడా నమోదవుతుంది.

అసలు తప్పు మీ ఒక్కరిదే కాదు. ప్రపంచానికంతా తెరిచిపెట్టే సెట్టింగ్‌ను ఒక్క నొక్కుతో ఇచ్చి, మూసే సెట్టింగ్‌ను మూడు మెనూల లోపల పెట్టేవాళ్లకూ అందులో వాటా ఉంది. కొలతల యాప్‌లూ అంతే. నడుము కొలత రాసుకోవడానికి కాంటాక్ట్స్ ఎందుకు? లొకేషన్ ఎందుకు? ఫొటోలు అడిగితే ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ అనే అనుమతి ఇవ్వండి. ఆండ్రాయిడ్ 14, ఐఓఎస్ 14 నుంచి ఆ వీలుంది. మిగతావన్నీ వద్దనండి. వద్దంటే పనిచేయనని మొరాయించే యాప్‌కు అక్కడితోనే సెలవు చెప్పండి.

ప్రశ్న: ఎంబ్రాయిడరీ మిషన్‌లో పోయినేడాది వేసిన డిజైన్ మళ్లీ వేయబోతే తెర మీద రంగులన్నీ మారిపోయాయి. ఫైలు పాడైందా?

మీ ఫైలు డీఎస్‌టీ రకం అయి ఉంటుంది. అందులో సూది ఎటు కదలాలో, దారం మార్చడానికి ఎక్కడ ఆగాలో ఉంటుంది కానీ ఏ రంగో ఉండదు. మిషన్ తనకు తోచిన రంగులు చూపిస్తుంది. డిజైన్ చేసిన సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు ఉంటే దాన్నీ అదే ఫోల్డర్‌లో ఉంచండి. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు కనిపించకపోతే దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలుకు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టి చూడండి. డిజైన్ ఎక్కించాలంటే వైఫై, అకౌంట్, పాస్‌వర్డ్ కావాలనే కొత్త రకం మిషన్ల మీద నాకున్న కోపం ఇంకోసారి.

రంగులు మీరే రాసుకోవాలి. ‘ముదురు ఎరుపు’ అని రాస్తే ఏడాది తర్వాత ఏ ఎరుపో మీకే గుర్తుండదు. దారం రీలు చివర లేబుల్ మీద షేడ్ నంబరు ఉంటుంది. దారం మార్చడానికి మిషన్ ఆగిన వరుసలోనే రీళ్లు పక్కపక్కన పేర్చి, లేబుళ్లు కనిపించేలా ఒక్క ఫొటో తీసి డిజైన్ ఫోల్డర్‌లో పడేయండి. రీలు అయిపోయి చెత్తబుట్టలో పడకముందే తీయండి.