చిలగడదుంప నారు పాలిపోతే ముందు పీహెచ్ చూడు

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు పంపిన ఫోటోలు చూశా. నారు పాలిపోయింది నిజమే, కానీ వెంటనే యూరియా వేసేస్తా అంటున్నావ్ చూడు, అక్కడ ఆగు. ఏ ఆకు పాలిపోయిందో ముందు చూడాలిరా. కింద ముదురాకులు మొత్తం పసుపెక్కితే నత్రజని తక్కువైందని అనుకోవచ్చు. నీ ట్రేల్లో చిగురాకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి, అంటే ఇనుము అందట్లేదు, ట్రేలో నింపిన మిశ్రమంలో లేక కాదు, పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) ఎక్కువైతే ఉన్న ఇనుమునే వేరు తీసుకోలేదు. దీనికి యూరియా ఎంత పోసినా దండగే.

చిలగడదుంపకి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య బాగుంటది. 7 దాటితే ఇనుము, జింకు, మాంగనీసు సరిగ్గా అందవు. 5 కంటే దిగితే ఇంకో గోల, అల్యూమినియం ఎక్కువగా కరిగి వేరు కొసల్ని పాడుచేస్తది (మట్టి కలిపిన మిశ్రమంలో ఇది మరీ ఎక్కువ), కాల్షియం, మెగ్నీషియం కూడా తగ్గిపోతాయి. తీగ ముక్కకి కణుపుల దగ్గర వచ్చే మొదటి వేళ్లలోంచే కదా తర్వాత దుంపలు ఊరేది, నాటిన మొదటి వారాల్లో ఆ వేళ్లు దెబ్బతింటే తర్వాత ఎంత ఎరువేసినా ఆకు పెరుగుతది గానీ దుంపల సంఖ్య పెరగదు.

పీహెచ్ చూడ్డం పెద్ద పనేం కాదు. ఒక వంతు మిశ్రమం, రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి అరగంట వదిలేసి మీటర్ పెట్టు. నాకైతే నువ్వు పోసే నీళ్ల మీదే అనుమానం. నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువుంటే రోజూ కాస్త సున్నం పోసినట్టే, మొదట్లో 6 ఉన్న మిశ్రమం కూడా మెల్లగా ఎక్కిపోతది, అందుకే నీళ్ల పీహెచ్ ఒక్కటే కాదు ఆల్కలినిటీ (పులుపుని విరిచే బైకార్బనేట్ల లాంటివి ఎంతున్నాయో) కూడా ల్యాబ్‌లో చూపించు.

ఎక్కువే అని తేలితే సున్నం, డోలమైట్ (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి) జోలికి పోకు. ఇప్పటికి ఇనుము చీలేట్ (ఇనుము వేరుకి అందేలా పట్టి ఉంచే మందు) ఇవ్వు, పీహెచ్ ఎక్కువున్నచోట ఈడీటీఏ రకం సరిగ్గా నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం తీసుకో. ఆ తర్వాత నత్రజని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో కొద్దికొద్దిగా ఇస్తే మిశ్రమం మెల్లగా పుల్లబడుతది, నైట్రేట్ ఎరువులైతే పీహెచ్‌ని పైకే తోస్తాయి. గంధకం కలిపినా పనిచేస్తది గానీ దాన్ని సూక్ష్మజీవులు మార్చాలి కాబట్టి టైమ్ పడుతది, ట్రేలో ఉన్న నారుకి అది అక్కరకి రాదు.

ఇంకోటి, వచ్చేసారి పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు) వాడదామనుకుంటే అది సహజంగానే 4 చుట్టుపక్కల ఉంటది, దానికి డోలమైట్ వేయాలి, అదీ నాటడానికి కొన్ని వారాల ముందే. కోకోపీట్‌కి (కొబ్బరి పీచు పొట్టు) అంత సున్నం అక్కర్లేదు, దాంట్లో ఉప్పు కడగడమే ముఖ్యం.

ముందు మీటర్ రీడింగ్, నీళ్ల రిపోర్ట్ రెండూ పంపు, డోసు ఎంతో అప్పుడు చెప్తా.

మీ పెదనాన్న