కాన్ఫరెన్స్‌లో చేరాలా, వద్దా? స్పోర్ట్ మేనేజ్‌మెంట్ ఎస్సేకి ఎలా ఆలోచించాలి

ప్రశ్న: మాది విజయవాడ. బీబీఏ అయ్యాక హైదరాబాద్‌లో ఒక స్పోర్ట్స్ ఈవెంట్స్ కంపెనీలో రెండేళ్లు పనిచేశాను. అమెరికాలో స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కు అప్లై చేస్తున్నాను. ఒక యూనివర్సిటీ రెండు పేజీల ఎస్సే అడిగింది: ‘ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కాన్ఫరెన్స్‌లో చేరాలా? అథ్లెటిక్ డైరెక్టర్‌కు సలహా ఇస్తున్నట్టు రాయండి.’ నాకు క్రికెట్, కబడ్డీ తప్ప వేరే ఆటలు తెలియవు. నాన్నగారేమో ‘ఆటల మీద ఎంఎస్ ఏంటమ్మా, డేటా సైన్స్ చెయ్యి’ అంటున్నారు. రెండు వైపులా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఎస్సే సంగతి చూద్దాం, నాన్నగారి దగ్గరికి చివర్లో వద్దాం.

కాన్ఫరెన్స్ అనగానే నేనూ మొదట్లో సదస్సు అనుకున్నాను. ఆ మాటకొస్తే అక్కడి ఫుట్‌బాల్ కూడా మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. కాన్ఫరెన్స్ అంటే పదీ పదిహేను యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న ఉమ్మడి కుటుంబం అనుకోండి. మ్యాచ్‌లు ఎక్కువగా తమలో తాము ఆడుకుంటారు, టీవీ హక్కులు కలిపి అమ్ముతారు, వచ్చిన డబ్బు పంచుకుంటారు, సీజన్ చివర తమలోంచి ఒక ఛాంపియన్‌ని తేల్చుకుంటారు. ఇండిపెండెంట్ జట్టు అంటే వేరు కాపురం. 2025 సీజన్‌లో పై స్థాయిలో మొత్తం 136 జట్లుంటే, అలా వేరుగా ఉన్నవి రెండే రెండు: ఇండియానాలోని నోటర్ డేమ్, ఈశాన్యాన కనెక్టికట్ యూనివర్సిటీ.

మన పరీక్షల అలవాటు కొద్దీ లాభాలు ఐదు, నష్టాలు ఐదు రాసి, ‘కాబట్టి పరిస్థితిని బట్టి నిర్ణయించాలి’ అని ముగించకండి. ఆ మాట డైరెక్టర్‌కు మీరు చెప్పక ముందే తెలుసు. ఆయనకు కావలసిన జవాబు వేరే ఉంది: బేరంలో ఎవరి చెయ్యి పైన ఉంది? కాన్ఫరెన్స్‌కు ఈ జట్టు ఎక్కువ అవసరమా, ఈ జట్టుకు కాన్ఫరెన్స్ ఎక్కువ అవసరమా? అది తేలితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

నోటర్ డేమ్‌ని చూడండి. 1887లో ఆట మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక్క ఏడాది తప్ప ఫుట్‌బాల్‌లో ఎవరి గొడుగు కిందికీ పోలేదు. 1991 నుంచి వాళ్ల సొంతగడ్డ మీది మ్యాచ్‌లను ఎన్‌బీసీ చూపిస్తోంది, ఆ ఒప్పందం 2029 దాకా ఉంది. ఒక్క కాలేజీకి ఇలా ఒక జాతీయ చానల్ దొరకడం చాలా అరుదైన సంగతి. దేశమంతా ఉన్న కాథలిక్ కుటుంబాలు, తాము చదివినా చదవకపోయినా, దాన్ని తమ జట్టనుకుంటాయి. అందుకే టీవీ వాళ్లే వాళ్ల గుమ్మం తొక్కుతారు. అయినా వాళ్లు పూర్తిగా ఒంటరి అనుకుంటే పొరపాటే. 2013లో బాస్కెట్‌బాల్ లాంటి మిగతా ఆటలను ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో పెట్టారు. బదులుగా ఫుట్‌బాల్‌లో ఏటా సగటున ఐదు మ్యాచ్‌లు ఆ కాన్ఫరెన్స్ జట్లతో ఆడతామన్నారు. 2036 లోపు ఫుట్‌బాల్ కోసం ఎక్కడైనా చేరాల్సి వస్తే అందులోనే చేరతామని మాటిచ్చారు. వంట వేరు, పండక్కి మాత్రం అందరూ ఒకచోట అన్నట్టు. నేను చెప్పిన ఆ ఒక్క ఏడాది 2020. కరోనా వల్ల మిగతా కాన్ఫరెన్స్‌లు బయటి జట్లతో మ్యాచ్‌లు మానేస్తే, ఏసీసీ వీళ్లను ఆ సీజన్‌కు పూర్తి సభ్యుడిగా చేర్చుకుంది. ఫైనల్‌కూ వెళ్లి క్లెమ్సన్ చేతిలో ఓడారు. మరుసటి ఏడాది మళ్లీ సొంత పొయ్యి.

ఈ స్వేచ్ఛకు వాళ్లు కట్టే ధర కూడా ఎస్సేలో రావాలి. 2024లో జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచినప్పుడు, మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా క్వార్టర్స్‌కు వెళ్లే నాలుగు చోట్లూ కాన్ఫరెన్స్ ఛాంపియన్లకే అన్నారు. అంటే ఆ ఏడాది నోటర్ డేమ్ దేశంలో నంబర్ వన్ అయినా ఒక మ్యాచ్ అదనంగా ఆడాల్సిందే (2025లో ఆ నియమం తీసేశారు). ఆడారు. ఇండియానాను, జార్జియాను, పెన్ స్టేట్‌ను ఓడించి ఫైనల్‌కు వెళ్లి, ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడిపోయారు. ఆ దారిలో వచ్చిన దాదాపు 2 కోట్ల డాలర్ల ప్లేఆఫ్ సొమ్ము ఎవరితోనూ పంచుకోలేదు. ఒహాయో స్టేట్ తన కాన్ఫరెన్స్ వాళ్లతో పంచుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కథ తిరగబడింది. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి, తర్వాత వరసగా పది గెలిచినా, 2025 డిసెంబర్‌లో సెలెక్షన్ కమిటీ వాళ్లను పక్కన పెట్టింది. కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచి లోపలికి వెళ్లే దారి వాళ్లకు లేదు, కమిటీ దయ ఒక్కటే దిక్కైంది. కోపంతో బౌల్ మ్యాచ్ (సీజన్ చివర జట్లను పిలిచి ఆడించే విడి మ్యాచ్) కూడా వద్దన్నారు. ఇంత జరిగినా వాళ్లు వేరుగానే ఉండాలనే నేనంటాను. 2 కోట్లు ఒక్కరే ఉంచుకోగలిగిన ఇంటికి అప్పుడప్పుడూ ఇలాంటి దెబ్బ తట్టుకునే ఓపిక ఉంటుంది.

అయితే మీ ఎస్సేలోని ఊరూ పేరూ లేని జట్టు నోటర్ డేమ్ కాదు. నూటికి తొంభైమంది విద్యార్థులు తప్పు చేసేది ఇక్కడే అనుకుంటాను. పెద్దింటి కథ తీసుకొచ్చి చిన్నింటికి తొడుగుతారు.

చిన్న ఇండిపెండెంట్ జట్టుకు మొదటి తలనొప్పి డబ్బు కన్నా ముందు షెడ్యూల్. సెప్టెంబర్‌లో అందరూ బయటి జట్లతో ఆడతారు కాబట్టి ప్రత్యర్థులు దొరుకుతారు. అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి ఎవరి కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల్లో వాళ్లుంటారు, మీతో ఆడేవాడుండడు. 2018లో లిబర్టీ, న్యూ మెక్సికో స్టేట్ అనే రెండు ఇండిపెండెంట్ జట్లు ఒకే సీజన్‌లో ఒకదానితో ఒకటి రెండుసార్లు ఆడాయి, 2019లోనూ అంతే. పెళ్లికి ఎవరూ రాకపోతే ఉన్న ఇద్దరే రెండో పంక్తిలో కూడా కూర్చున్నట్టు! అంతర్జాతీయ క్రికెట్ షెడ్యూల్‌లో చిన్న దేశాలు పడే పాట్లు మీకు తెలుసు కదా, దాదాపు అదే బాధ.

డబ్బు కోసం ఇలాంటి జట్లు చేసే పని ఇంకొకటుంది. ఏదో ఒక పెద్ద జట్టు మైదానానికి వెళ్లి, ఓడిపోతామని తెలిసే ఆడి, పది లక్షల డాలర్లకు అటూ ఇటుగా చెక్కు తెచ్చుకోవడం. కాన్ఫరెన్స్‌లోని చిన్న జట్లూ ఇది చేస్తాయి కానీ, ఇండిపెండెంట్లకు అది అన్నంలో కూర కాదు, అన్నమే. ఆటగాళ్ల ఒళ్లు హూనమవుతుంది. రికార్డు పాడైతే ప్రేక్షకులు రారు, కొత్త కుర్రాళ్లూ రారు.

ఇక మూడోది, ఆడడానికి ఒక లక్ష్యం. లిబర్టీ 2020లో ఇండిపెండెంట్‌గా ఒక్క మ్యాచే ఓడింది, దక్కింది ఆర్లాండోలో ఒక చిన్న బౌల్. 2023లో కాన్ఫరెన్స్ యూఎస్‌ఏలో చేరిన మొదటి ఏడాదే 13 ఆడి 13 గెలిచి, ఛాంపియన్ హోదాలో పెద్ద బౌల్‌లలో ఒకటైన ఫియస్టా బౌల్‌కు వెళ్లింది. అక్కడ ఒరెగాన్ చితక్కొట్టింది, అది వేరే సంగతి. 2020 లిబర్టీకి ఆ తలుపు లేనే లేదు.

ఆర్మీ, అంటే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టు, నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ. 2005 నుంచి 2023 దాకా వేరుగా ఉండి, 2024లో ఫుట్‌బాల్ వరకే అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో చేరింది, ఆ ఏడాదే టైటిల్ కొట్టింది. నౌకాదళ అకాడమీ జట్టు నేవీ 2015 నుంచీ అదే కాన్ఫరెన్స్‌లో ఉంది. డిసెంబర్‌లో ఈ రెండిటికీ జరిగే మ్యాచ్ అక్కడ పండగ లాంటిది. ఇద్దరూ ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నా, ఆ మ్యాచ్‌ను కాన్ఫరెన్స్ లెక్కలో కలపరు. ప్రాణం లాంటిదాన్ని బయట ఉంచి మిగతాది ఉమ్మడిలో పెట్టారు. మీ డైరెక్టర్‌కు చెప్పాల్సిన అసలు సలహా ఇదే: చేరండి, కానీ ఏది బయట ఉంచుతారో ముందే రాయించుకోండి.

రాయించుకోకపోతే ఏమవుతుందో మసాచుసెట్స్ యూనివర్సిటీ, ముద్దుగా యూమాస్, చూపిస్తుంది. మీరు దీన్ని వదలకూడదు, ఎందుకంటే స్పోర్ట్ మేనేజ్‌మెంట్ చదువుకు 1971 నుంచీ పేరున్న విభాగం అక్కడే ఉంది. 2012లో పై స్థాయికి వచ్చి, ఫుట్‌బాల్ ఒక్కటే మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్‌లో, అందరూ ‘మ్యాక్’ అనేదాంట్లో, పెట్టారు. కొన్నేళ్లకు మ్యాక్ ‘అన్ని ఆటలూ తెస్తే ఉండండి, లేదా వెళ్లండి’ అంది. బాస్కెట్‌బాల్‌ను అంతకన్నా బలమైన అట్లాంటిక్ 10 నుంచి తీయడం ఇష్టంలేక 2015 సీజన్ తర్వాత బయటికొచ్చారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ల వేరు కాపురంలో ఏ సీజన్లోనూ నాలుగు మ్యాచ్‌లకు మించి గెలవలేదు. చివరికి 2025 జూలైలో, పదేళ్ల కిందట కాదన్న షరతుకే తలూపి, బాస్కెట్‌బాల్‌తో సహా మ్యాక్‌లోకి వెళ్లారు. మొదటి సీజన్‌లో ఏమైంది? 12 ఆడి 12 ఓడారు.

‘చూశారా, చేరినా ఏం ఒరగలేదు’ అని రాయాలనిపిస్తుంది. తొందరపడకండి. కాన్ఫరెన్స్ ఇచ్చేది షెడ్యూలు, సాటివాళ్లు, ఒక టైటిల్ ఆశ. జట్టును మాత్రం మీరే కట్టుకోవాలి. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పడం, మొదటి సెమిస్టర్ మార్కులు చూసి పిల్లాణ్ని కోర్సు మాన్పించడం లాంటిది. నన్నడిగితే యూమాస్ చేరడం సరైనదే, ఆలస్యంగా చేరడం తప్పు. తమ చెయ్యి కింద ఉందని పదేళ్లు ఒప్పుకోలేకపోయారు. ప్రయాణాల బాధ ఉంది, మ్యాక్ జట్లు ఎక్కువగా ఒహాయో, మిషిగన్ వైపే. నవంబర్‌లో టీవీ కోసం మంగళ, బుధవారాల రాత్రి చలిలో ఆడాలి. అది కూడా ఎస్సేలో ఒక వాక్యం రాయండి, వివరాలు చూశారని తెలుస్తుంది.

నా మాటకు అడ్డొచ్చే ఉదాహరణ కూడా ఇవ్వాలి కాబట్టి, కనెక్టికట్. వాళ్లకు ప్రాణం బాస్కెట్‌బాల్. 2023, 2024లో పురుషులు, 2025లో మహిళలు జాతీయ ఛాంపియన్లు. 2020లో ఆ ఆట కోసం పాత గూడు బిగ్ ఈస్ట్‌కు తిరిగి వెళ్లారు. అందుకు ఉన్న కాన్ఫరెన్స్‌కు 1.7 కోట్ల డాలర్ల నిష్క్రమణ రుసుం కట్టారు. బిగ్ ఈస్ట్‌లో ఫుట్‌బాల్ లేదు, కాబట్టి ఫుట్‌బాల్ దిక్కులేనిదైంది. అందరూ ఇక పోయిందన్నారు. 2024లో అదే జట్టు 9 గెలిచి 4 ఓడింది. చిన్నదైనా వేరుగా బతకొచ్చని అర్థం. కాకపోతే అక్కడ ఇంటిని పోషించేది వేరే ఆట. మీ డైరెక్టర్‌కు అలాంటి ఆట ఉందా అని అడగండి.

ఇంకొక్క జాగ్రత్త. కాన్ఫరెన్స్ శాశ్వతం అనుకోవద్దు. పశ్చిమ తీరాన శతాబ్దం పైబడిన పాక్-12 నుంచి 2024లో పన్నెండింట పది జట్లు వెళ్లిపోయాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీరం పేరున్న ఏసీసీలో ఆడుతోంది! పైగా 2025 జూలై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. ఏ ఇంట్లో ఉన్నా ఖర్చు పెరిగింది. బయటికి రావాలంటే ఎంత కట్టాలన్నది చేరేరోజే చూసుకోవాలి, పెళ్లిచూపుల్లో విడాకుల మాటేంటి అని మొహమాటపడకుండా.

ఎస్సేలో మీ రెండేళ్ల అనుభవం తప్పక రానివ్వండి. లీగ్ షెడ్యూల్‌లో ఒక మంగళవారం మ్యాచ్‌కు, ఆదివారం మ్యాచ్‌కు టికెట్లు ఎలా అమ్ముడయ్యాయో మీరు కళ్లారా చూశారు. అమెరికా విద్యార్థి దగ్గర ఆ ముక్క ఉండదు.

ఇక నాన్నగారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. ఈ రంగంలో మొదటి ఉద్యోగాలు, టికెటింగ్, కంప్లయన్స్, షెడ్యూలింగ్, స్పాన్సర్‌షిప్ లాంటివి, సాఫ్ట్‌వేర్ జీతాలివ్వవు. సాయంత్రాలు, శనివారాలు మీవి కావు. అంతకన్నా పెద్దది వీసా. సాధారణంగా స్పోర్ట్ మేనేజ్‌మెంట్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల జాబితా) కిందికి రాదు, కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, 12 నెలలే. స్టెమ్ కోర్సుకైతే ఇంకో 24 నెలలు కలుస్తాయి. కొన్ని చోట్ల స్పోర్ట్ అనలిటిక్స్ పేరుతో నడిచే కోర్సులు స్టెమ్ కోడ్‌తో ఉంటాయి. అలాంటిది దొరికితే మీ మాటా, నాన్నగారి మాటా రెండూ నిలబడతాయి. ఒక ఊరట కూడా ఉంది: యూనివర్సిటీ అథ్లెటిక్ విభాగంలోనే ఉద్యోగం వస్తే, యూనివర్సిటీ పెట్టే హెచ్‌1బీకి లాటరీ అక్కర్లేదు. వీసా రూల్స్, ఫీజులు తరచూ మారుతున్నాయి కాబట్టి అప్పటికి ఏముందో చూసుకోవాలి.

అప్లై చేసే ప్రతి యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు ఈ వారమే మెయిల్ పెట్టండి: మీ కోర్సు సీఐపీ కోడ్ (కోర్సులను వర్గాలుగా గుర్తించే ప్రభుత్వ నంబరు) ఎంత, అది స్టెమ్ జాబితాలో ఉందా, పోయిన రెండేళ్లలో మీ దగ్గర చదివిన విదేశీ విద్యార్థులు ఎక్కడ చేరారు? వచ్చిన జవాబులు ప్రింట్ తీసి నాన్నగారి ముందు పెట్టండి. ఎస్సే ఆ తర్వాత మొదలుపెట్టినా సరిపోతుంది.