అమ్మ లివర్ ఇస్తే పాపను ఎత్తుకునేదెవరు?

ప్రశ్న: అక్కా, మా పాపకు తొమ్మిదో నెల. పుట్టినప్పటి నుంచి కామెర్లు తగ్గలేదు, దొడ్డికి తెల్లగా వెళ్లేది. బిలియరీ అట్రీషియా, అంటే లివర్ నుంచి పైత్యరసం పేగులోకి దిగే నాళాలు మూసుకుపోయాయి అన్నారు. పైత్యరసానికి దారి చేయడానికి పేగును లివర్‌కు కలిపే కసాయ్ ఆపరేషన్ అయ్యింది కానీ ఫలితం రాలేదు, లివర్ మార్పిడి ఒక్కటే దారి అంటున్నారు. నాదీ పాపదీ ఒకటే బ్లడ్ గ్రూపు, నేనే ఇస్తానంటే మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంకా పిల్లల్ని కనాల్సినదానివి, నీకేమన్నా అయితే ఎట్లా అంటుంది. మా తమ్ముడు నేనిస్తా అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీ పాపకు చేయించారు కదా, ఏం చేయమంటారు?
- ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లీ, ముందు ఆ గొడవ పక్కన పెట్టండి. ఎవరివ్వాలన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చేది కాదు. బ్లడ్ గ్రూపు కలిసినంత మాత్రాన సరిపోదు, సీటీ స్కాన్‌లో రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూస్తారు, లివర్‌కు కొవ్వు పట్టిందేమో చూస్తారు, గుండె, షుగరు, చివరికి మీరు మనస్ఫూర్తిగా ఇస్తున్నారా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అన్నది కూడా విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. మీకూ మీ ఆయనకూ ఇద్దరికీ పరీక్షలు మొదలుపెట్టించండి, సగం వాదనలు వాటంతటవే పోతాయి. మీ తమ్ముడి మనసు గొప్పది, కానీ అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులని చెప్పే వరుసలో తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, 2011 సవరణతో తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మలు ఉన్నారు గానీ మేనమామ లేడు. అతను ఇవ్వకూడదని కాదు, ఇలాంటి దానాలకు అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు కాగితాలతో కూర్చోవాలి, అనుమతి రావాలి, దానికి టైమ్ పడుతుంది. మీరూ మీ ఆయనా ఇద్దరూ పనికిరాకపోతే అప్పుడు చూడండి.

అత్తమ్మను విలన్‌గా చూడకండి. ఆమె భయపడుతున్నది మీ కోసమే. ఆమెను కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆమె నోటితోనే అడగనివ్వండి. పసిపిల్లలకు సాధారణంగా పెద్దవాళ్ల లివర్‌లో ఎడమ అంచు ముక్క చాలు, మొత్తంలో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ. మిగిలిన లివర్ కొన్ని నెలల్లో పెరిగి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. లివర్ ఇచ్చాక బిడ్డల్ని కన్న తల్లులు ఎందరో ఉన్నారు, సాధారణంగా ఓ ఏడాది ఆగమంటారు అంతే. అయితే ప్రమాదం అసలు లేదని ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దు. ఇది పెద్ద ఆపరేషనే, ఆ మాట డాక్టరే ఆమెకు నేరుగా చెప్పాలి, అప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. ఎవరిస్తారన్న గొడవలో పడి, ఇచ్చాక ఎవరేం చేయాలన్నది చాలా ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. మీరే ఇస్తే, పాప ఐసీయూలో ఉంటుంది, మీరు ఇంకో వార్డులో ఉంటారు. మీరు లేచి నడిచి వెళ్లి చూసినా ఎత్తుకోలేరు, పొట్ట మీద కుట్లతో వారాల తరబడి బరువు ఎత్తొద్దంటారు. మా పాప నన్ను చూసి చేతులు చాచి ఏడ్చేది, నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడేదాన్ని, మా చిన్నత్త ఎత్తుకుని నా భుజానికి దాని తల ఆనించేది. ఆమె లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. అందుకే ఆపరేషన్‌కు ముందే పాపకు ఒక మనిషి అలవాటు కావాలి, పాలు పట్టడం, మందు తాగించడం, నిద్రపుచ్చడం అన్నీ ఆ మనిషి చేతి మీదుగా ఇప్పటి నుంచే జరగాలి. ఆ మనిషి మీ అత్తమ్మే ఎందుకు కాకూడదు? నువ్వు వద్దు అంటున్న ఆమెకు, నువ్వు లేకుండా నడవదు అని చెప్పి చూడండి.

రెండో పని, పాప బరువు. పైత్యరసం పేగులోకి దిగదు కాబట్టి తిన్న కొవ్వు ఒంటికి పట్టదు, ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా అంతే. డైటీషియన్ ఎంసీటీ నూనె (పైత్యరసం లేకున్నా ఒంటికి పట్టే కొవ్వు) రాసిస్తే తప్పక వాడండి, నోటితో తాగలేకపోతే ముక్కు గొట్టం పెడతామంటారు, చూసి గుండె చెరువవుతుంది కానీ వద్దనకండి. పొట్టలో నీరు చేరితే తూకంలో బరువు పెరిగినట్టే కనిపిస్తుంది, అందుకే వాళ్లు దండ (మోచేతి పైభాగం) చుట్టుకొలత టేపుతో కొలుస్తారు, మీరూ ఆ అంకె రాసిపెట్టుకోండి. దురదకు రాత్రుళ్లు ఒళ్లంతా గీరుకుంటుంటే చేతులకు మెత్తటి సాక్సులు తొడగండి. వేయించాల్సిన టీకాలేమున్నాయో కూడా ఇప్పుడే అడగండి, తట్టు, ఆటలమ్మ లాంటి టీకాలు మార్పిడి అయ్యాక మామూలుగా వేయరు.

డబ్బు గురించి అడగలేదు గానీ చెప్తాను. ఆరోగ్యశ్రీ కింద ఏమొస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, సీఎం సహాయనిధి ఎల్‌వోసీకి (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) ఆపరేషన్‌కు ముందే పెట్టుకోవాలి. పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఒక్కటే గతి అనుకోకండి, 2024లో హైదరాబాద్ ఉస్మానియాలో ఇదే జబ్బున్న మూడేళ్ల బాబుకు తల్లి లివర్ ముక్కతోనే చేశారు. మన దేశంలో పిల్లల్లో మొదట విజయవంతమైన లివర్ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది, ఏడాదిన్నర దాటిన బాబు, ఇదే జబ్బు, తండ్రి ఇచ్చాడు. ఆ బాబు పెరిగి డాక్టరయ్యాడు. అత్తమ్మకు ఈ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: మా మనవడికి లివర్ మార్చి రెండేళ్లయింది. బడికి పోతున్నాడు, లక్షణంగా ఉన్నాడు. ఇంకా ఆ మాత్రలెందుకు, తిప్పతీగ కషాయం ఇస్తే సరిపోతుందని మా ఊళ్లో చెప్తున్నారు. మాన్పించవచ్చా?
- ఒక తాతయ్య, ప్రొద్దుటూరు

జవాబు: బాబాయిగారూ, వద్దు, దయచేసి ఒక్క పూట కూడా మాన్పించకండి. పిల్లవాడు లక్షణంగా ఉన్నది ఆ మాత్రల వల్లే. వేరే మనిషి లివర్ అని ఒంట్లోని రోగనిరోధక శక్తి దాని మీదికి వెళ్లకుండా టాక్రోలిమస్ అనే ఆ మాత్ర ఆపుతూ ఉంటుంది. తిప్పతీగను రోగనిరోధక శక్తి పెంచుతుందనే కదా ఇస్తారు, మనం తగ్గించి ఉంచాల్సింది దాన్నే. పైగా తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. రిజెక్షన్, అంటే ఒళ్లు ఆ లివర్‌ను తిప్పికొట్టడం, మొదలైతే పిల్లవాడు ఆడుతూ పాడుతూనే ఉండొచ్చు, రక్త పరీక్షలోనే ముందు తెలుస్తుంది. పంపర పనస కూడా పెట్టకండి, మందు మోతాదును తారుమారు చేస్తుంది. మాత్ర పన్నెండు గంటల తేడాతో, రోజూ అదే టైముకి పడాలి. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు వెళ్లే రోజు మాత్రం పొద్దుటి మాత్ర ఇంట్లో వేయకుండా చేత్తో పట్టుకెళ్లి, రక్తం తీసిన వెంటనే వేయండి. ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే పల్స్ పోలియో చుక్కలు వేయించే ముందు కూడా మీ డాక్టర్‌కు ఒక ఫోన్ చేయండి, వాళ్లకు చుక్కలు కాకుండా ఇంజెక్షన్ చెప్తారు.