టెక్ సందేహాలు: ఎస్ఓ ఫైల్‌ని లోడ్ చేసి చూస్తానంటే ఎలా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఒక ఆండ్రాయిడ్ యాప్ ఏపీకేని విప్పితే లోపల ఎస్ఓ ఫైళ్లు కనిపించాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. పైథాన్‌లో సీటైప్స్‌తో లోడ్ చేసి, ఒక్కో ఫంక్షన్ పిలిచి చూడమని ఫ్రెండ్ చెప్పాడు. ఇలా సోర్స్ కోడ్ బయటికి తీయొచ్చా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: సోర్స్ కోడ్ తిరిగి రాదు. ఎస్ఓ అంటే షేర్డ్ లైబ్రరీ, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడ్ చేసుకునే కంపైలైన కోడ్ మూట. కానీ ఆ ఫైల్‌ని ఓపిగ్గా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ముందు మీ ఫ్రెండ్ సలహా సంగతి చూద్దాం. ఇలాంటి ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఈ సలహా కూడా వస్తోంది.

లైబ్రరీని లోడ్ చేయడమంటే దాన్ని నడపడమే. ‘నేను ఏ ఫంక్షన్నీ పిలవలేదు కదా’ అంటే కుదరదు. ఎస్ఓ ఫైల్‌లో ఇనిట్ అర్రే అని ఒక పట్టిక ఉంటుంది. లోడ్ కాగానే ఏయే ఫంక్షన్లు వాటంతటవే నడవాలో అందులో రాసి ఉంటుంది. మీరు మొదటి ఫంక్షన్ పిలిచేలోపే వాటి పని అయిపోతుంది. మీరు తీసిన ఫైల్ ఫోన్ ప్రాసెసర్ కోసం తయారైంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది, బతికిపోయారు. రేపు ఎవరో పంపిన లినక్స్ ఫైల్ మీద ఇదే ప్రయోగం చేస్తే మీ హోమ్ ఫోల్డర్ మొత్తం దానికి అప్పగించినట్టే. ఒక ఫైల్‌కి ఏయే లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్‌తోనూ జాగ్రత్త. కొన్ని సందర్భాల్లో అది ఫైల్‌ని నడిపేస్తుంది. నమ్మకం లేని వాటి మీద వాడొద్దని దాని మాన్యువల్ పేజీలోనే ఉంది, చదివేవాళ్లేరీ!

ఇది ఉత్త భయం కాదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అరసెకను ఎందుకు ఆలస్యమవుతోందా అని తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలోని కంప్రెషన్ లైబ్రరీలో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి ఆ లైబ్రరీతో నేరుగా పనే లేదు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కోసం కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు చేసిన మార్పు వల్ల అది వెంట వచ్చింది. లోడ్ అవుతుండగానే దొంగ కోడ్ పని మొదలుపెట్టింది. ఆ కోడ్‌ని టెస్ట్ ఫైళ్ల ముసుగులో దాచి, అందరూ చూసే గిట్ సోర్స్‌లో లేకుండా విడుదల ప్యాకేజీ (టార్‌బాల్)లో మాత్రమే పెట్టిన స్క్రిప్టుతో బిల్డ్ సమయంలో లైబ్రరీలోకి ఎక్కించారు. సోర్స్ ఉండగా కంపైలైన ఫైల్ చదవడం ఎందుకని అడిగేవాళ్లు దీన్ని చూడాలి.

ఇక చదవడం. హెక్స్ వ్యూయర్‌లో మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్, 45, 4సీ, 46 అయితే అది ఈఎల్ఎఫ్ ఫైల్, అంటే లినక్స్, ఆండ్రాయిడ్‌లలో కంపైలైన ఫైళ్ల ఫార్మాట్. ఐదో బైట్ 1 అయితే 32 బిట్, 2 అయితే 64 బిట్. రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌కి చిన్న హెచ్ ఆప్షన్ ఇస్తే ప్రాసెసర్ రకంతో సహా ఇవన్నీ చెబుతుంది. చిన్న డీ ఇస్తే ‘నీడెడ్’ అన్న వరుసల్లో ఈ ఫైల్‌కి ఇంకే లైబ్రరీలు కావాలో ఉంటుంది. తర్వాత సింబల్స్, అంటే ఫంక్షన్ల వంటి వాటి పేర్ల పట్టిక చూపే ఎన్ఎం కమాండ్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అది ‘నో సింబల్స్’ అంటుంది. విడుదలకు ముందు ఆ పట్టికను తీసేస్తారు మరి. పెద్ద డీ ఆప్షన్ ఇవ్వండి. అప్పుడు డైనమిక్ సింబల్స్ వస్తాయి. వీటిని తీసేస్తే బయటివాళ్లు ఫంక్షన్లను పిలవలేరు కాబట్టి ఉంచక తప్పదు. పక్కన టీ ఉంటే ఫంక్షన్ ఈ ఫైల్‌లోనే ఉంది, యూ ఉంటే బయటి నుంచి రావాలి. ‘జావా’ అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవి యాప్‌లోని జావా కోడ్ పిలిచేవి. క్లాస్ పేరు కూడా అందులోనే కలిసి ఉంటుంది.

కొత్తలో మాత్రం ఎవరి యాప్‌నో పట్టుకోకండి. రెండు సంఖ్యలు కూడే సీ ఫంక్షన్ మీరే రాసి, జీసీసీలో షేర్డ్ ఆప్షన్‌తో కంపైల్ చేసి, మెషిన్ ఇన్‌స్ట్రక్షన్లు చూపే ఆబ్జ్‌డంప్‌తో విప్పండి. మామూలు పీసీలో ఓ2 ఆప్టిమైజేషన్ పెడితే, ఆ ఫంక్షన్‌లో వెతికినా యాడ్ ఇన్‌స్ట్రక్షన్ కనిపించదు. అడ్రస్ లెక్కలకు ఉద్దేశించిన ఎల్ఈఏ ఇన్‌స్ట్రక్షన్‌తోనే కంపైలర్ కూడిక కానిచ్చేస్తుంది. ఓ0తో, అంటే ఆప్టిమైజేషన్ లేకుండా మళ్లీ చేసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఆ తర్వాత గిడ్రా జోలికి వెళ్లొచ్చు. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ 2019లో ఉచితంగా ఇచ్చిన సాధనమిది. సీ లాంటి కోడ్ చూపిస్తుంది గానీ పేర్లన్నీ ‘లోకల్_18’, ‘పారమ్_1’ తరహావే. ఏది ఏమిటో కనిపెట్టి పేర్లు మార్చుకోవడం మీ పని.

స్ట్రింగ్స్ కమాండ్‌ని కావాలనే చివరికి ఉంచాను, అది గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. ఫైల్‌లో వరుసగా నాలుగు, అంతకు మించి అక్షరాలున్న ముక్కల్ని అది బయటికి లాగుతుంది. జావాలో పెడితే ఎవరైనా చూస్తారని డెవలపర్లు సర్వర్ పాస్‌వర్డులు, ఏపీఐ కీలు తీసుకెళ్లి ఎస్ఓలో పెడుతున్నారు. కంపైలర్ కోడ్‌ని మారుస్తుంది గానీ, కొటేషన్ల మధ్య రాసింది మామూలుగా అలాగే ఉండిపోతుంది. కొందరు దాన్ని కాస్త గజిబిజి చేస్తారు. తిరిగి విప్పే కోడ్ కూడా అదే ఫైల్‌లో ఉంటుంది, తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు. రహస్యం సర్వర్‌లో ఉండాలి, అంతే.

చవక వైఫై కెమెరాల గుట్టూ స్ట్రింగ్సే బయటపెడుతుంది. అప్‌డేట్ నోట్‌లో ‘బగ్స్ సరిచేశాం’ అంటారు. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) విప్పి, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ మీద స్ట్రింగ్స్ నడిపితే, ఓపెన్ఎస్ఎస్ఎల్ ఏ కాలం నాటిదో తేదీతో సహా తేలిపోతుంది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ మధ్యలో ఏది కనిపించినా, మెమరీలోని రహస్యాలు బయటికి కారిపోయే, 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అందులో ఉందనే అనుకుని, ఆ కెమెరాను నెట్ నుంచి తీసేయండి.

ప్రశ్న: గేమ్ తెరిస్తే ‘ఎంఎస్‌వీసీపీ140 డీఎల్ఎల్’ మిస్సింగ్ అంటోంది. ఆ ఒక్క ఫైల్ ఇచ్చే సైట్ దొరికింది. తెచ్చి గేమ్ ఫోల్డర్‌లో పెట్టొచ్చా? – ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దు. డీఎల్ఎల్ అంటే విండోస్‌లో ఎస్ఓ లాంటిదే. లోడ్ అంటే నడపడమేనన్నది దానికీ వర్తిస్తుంది. మీకు కావాల్సింది విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్, మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితం. 32 బిట్ గేమ్ అయితే 64 బిట్ విండోస్‌లో కూడా ఎక్స్86 ప్యాకేజీయే కావాలి. తెలియకపోతే రెండూ వేసుకోండి. ఇప్పటికే ఆ ఫైల్ పెట్టి గేమ్ నడిపి ఉంటే, దాన్ని డిలీట్ చేస్తే సరిపోదు. పూర్తి స్కాన్ చేయండి, పాస్‌వర్డులు వేరే డివైజ్ నుంచి మార్చుకోండి.