పెరూ ప్రయాణానికి సిద్ధమవుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ భర్త అల్లుడుగారూ, మీ అమ్మానాన్నలైన అక్కయ్యా బావగారూ, నలుగురూ కలిసి వెళ్లడానికి నువ్వు పంపిన పదహారు రోజుల పెరూ ప్రణాళికను నిదానంగా చదివాను. లిమా, పరాకస్, నాస్కా, అరెకీపా, కోల్కా లోయ, టిటికాకా సరస్సు, కుస్కో, మాచు పిచ్చు, రంగుల కొండ, మనూ అడవి, ఇకీటోస్ అని పదకొండు పేర్లు అందులో ఉన్నాయి. పటం ముందు పెట్టుకుని వేసిన ప్రణాళిక అని చూడగానే తెలుస్తోంది, ఎందుకంటే పటంలో దూరాలు కనిపించినంత సులభంగా ఎత్తులు కనిపించవు. పెరూలో ముందు ఎక్కడికి వెళ్లాలో, ఏ ఊరిలో నిద్రపోవాలో నిర్ణయించేది ఎత్తే. పైగా ఆ దేశం మన దేశంలో మూడో వంతు కంటే పెద్దది. ఆండీస్ పర్వతాలు దాన్ని ఉత్తరం నుంచి దక్షిణం దాకా చీల్చుకుంటూ పోతాయి కనుక, పటం మీద బెత్తెడుగా కనిపించే దారి రోడ్డు మీద ఒక పూర్తి పగలును మింగేస్తుంది.

సముద్రపు ఒడ్డున ఉన్న లిమాలో విమానం ఎక్కితే గంటన్నర లోపే కుస్కోలో దిగుతారు, అది సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. మనం చల్లగా ఉందని మురిసిపోయే అరకు లోయ వెయ్యి మీటర్ల లోపే ఉంటుందని గుర్తు చేసుకుంటే, ఆ గంటన్నరలో శరీరం మీద పడే భారం ఎంతో నీకే అర్థమవుతుంది. తలనొప్పి, ఆయాసం, వికారం, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ అక్కడ సొరోచే అని పిలిచే ఎత్తు జబ్బు లక్షణాలు. వయసులో ఉన్నవారికి రాదనీ, వ్యాయామం చేసేవారికి రాదనీ నమ్మకం పెట్టుకోవద్దు. అక్కయ్యా బావగారూ అరవై దాటినవారు కాబట్టి, కుస్కోలో దిగిన రోజే అక్కడ బస చేయకుండా, విమానాశ్రయం నుంచి నేరుగా ఉరుబాంబా నది పారే పవిత్ర లోయలోకి కారులో దిగిపోండి. ఉరుబాంబా, ఓయాంతాయ్‌తాంబో ఊళ్లు సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడ నాలుగు రాత్రులు గడిపి, తరువాత 2,430 మీటర్ల ఎత్తున ఉన్న మాచు పిచ్చుకు వెళ్లి, చివరగా కుస్కోకు ఎక్కితే శరీరం ఒక్కొక్క మెట్టుగా అలవాటు పడుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, మొదటి రెండు రోజులూ హోటల్ గదిలో తల పట్టుకుని కూర్చుంటారు.

ఇదే లెక్కన రంగుల కొండను కొట్టేయి. దాని దృశ్యస్థలం అయిదు వేల మీటర్లు దాటుతుంది, దాని కోసం తెల్లవారకముందే లేచి ఎక్కవలసి ఉంటుంది. బావగారి మోకాళ్లతో అది జరిగే పని కాదు. టిటికాకా 3,812 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు ఎముకలు కొరికే చలి. అది బొలీవియాతో కలిపి వేరుగా చేయదగిన ప్రయాణం. ఇకీటోస్‌కు రోడ్డే లేదు, విమానమో పడవో తప్ప మార్గం లేదు. నాస్కా, పరాకస్, అరెకీపా, కోల్కా చూడదగ్గవే అయినా వాటిది దక్షిణపు దారి, మీది కాదు. ఇవి తీసేస్తే లిమా, పవిత్ర లోయ, మాచు పిచ్చు, కుస్కో, ఒక అడవి మిగులుతాయి. పదహారు రోజులకు ఇది చాలు. నిజానికి ఇదే కొంచెం ఎక్కువ.

ఇక నెల సంగతి. కొండ ప్రాంతంలో మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమీ అనే సూర్యోత్సవం జరుగుతుంది. దాన్ని చూడాలని నువ్వు రాశావు, కానీ అది నేడు టికెట్లు పెట్టి వేలమంది మధ్య ప్రదర్శించే వేడుక, ఆ వారమంతా గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. నన్నడిగితే అదే జూన్‌లో రెండో వారాన్ని ఎంచుకోమంటాను. అపురీమాక్ నది మీద కెస్వచాకా అనే గడ్డి వంతెన ఉంది. చుట్టుపక్కల ఊళ్లవారు ఏటా జూన్‌లో గడ్డిని పురితిప్పి, తాళ్లుగా పేని, పాత వంతెనను తెంచి నదిలో వదిలి కొత్తది కడతారు. స్పెయిన్‌వారు రాకముందు ఆ కొండలను ఏలిన ఇంకా సామ్రాజ్యం నాటి ఆ పరిజ్ఞానాన్ని యునెస్కో 2013లో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. పీచు, పురి, నేత అంటే ప్రాణం పెట్టే నీకు ఇంతకంటే ఏం కావాలి? అయితే అక్కడి ఎత్తు కుస్కో కంటే ఎక్కువ, కారులో కొన్ని గంటల ప్రయాణం, కాబట్టి దాన్ని ప్రయాణం రెండో సగంలోనే పెట్టు. అక్కయ్యకు ఆ రోజు ఓపిక లేకపోతే కుస్కోలోనే ఉండే ఏర్పాటు ముందుగానే చేసి పెట్టు.

పవిత్ర లోయలో తొందర పడవద్దు. ఆ లోయలో సంస్కృతి వేరు, ప్రకృతి వేరు అని విడదీసి చూడడానికి వీలు లేదు. కొండవాలుల మీద మెట్లు మెట్లుగా కనిపించే పొలాలను ఇంకాలు అడుగున రాళ్లు, వాటి మీద కంకర, ఇసుక, పైన మన్ను పరిచి కట్టారు. వాననీరు నిలవకుండా ఇంకిపోతుంది, పగలు వేడెక్కిన రాతి గోడలు రాత్రి ఆ వేడిని మొక్కలకు వదులుతాయి. మొరాయ్‌లో ఈ మెట్లు వలయాలుగా భూమిలోకి దిగుతాయి. మరాస్‌లో కొండలోంచి ఊరే ఉప్పునీటిని వేల మడులలోకి మళ్లించి, స్థానిక కుటుంబాలు నేటికీ ఉప్పు పండిస్తున్నాయి. పిసాక్ పైన ఉన్న బంగాళదుంపల ఉద్యానంలో కెచువా భాష మాట్లాడే ఆదివాసీ రైతులు వెయ్యికి పైగా రకాల దుంపలను సాగులో నిలుపుకుంటున్నారు. మే, జూన్ నెలల్లో వెళితే ఎత్తైన ఊళ్లలో దుంపలను రాత్రి గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, మన వడియాల్లాగా ఎండబెట్టడం చూడవచ్చు. అలా చేసిన చూన్యో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మన వంటింట్లో లేనిదే గడవని మిరపకాయ, బంగాళదుంప, టమాటా, వేరుశనగ మూలాలు అమెరికా ఖండాలలోనివేనని అక్కయ్యకు ముందుగా చెప్పి తీసుకెళితే, ఆమె అక్కడి సంతను చూసే చూపే మారుతుంది.

చించేరోను మాత్రం లోయలో ఉన్న రోజుల్లో కాక, లోయ నుంచి కుస్కోకు ఎక్కే రోజున పెట్టు. అది దారిలోనే ఉంటుంది, ఎత్తు కుస్కో కంటే ఎక్కువ, రాత్రికి మళ్లీ దిగువకు వచ్చేస్తారు. అక్కడి స్త్రీలు ఒక కొస గుంజకు, రెండో కొస తమ నడుముకు కట్టుకున్న మగ్గం మీద నేస్తారు. నాగజెముడు మీద బతికే చిన్న పురుగును ఎండబెట్టి నలిపి ఎరుపు తీస్తారు, దానికి నిమ్మరసం కలిపితే ఒక ఛాయ, ఖనిజం కలిపితే ఇంకొక ఛాయ వస్తుంది. బస్సుల కొద్దీ యాత్రికులు దిగే ప్రదర్శనశాలల్లో ఇదంతా ఇరవై నిమిషాల్లో ముగిస్తారు. నీకు అది సరిపోదు. ఒక నేతకారిణితో సగం రోజు కూర్చుని పడుగు కట్టడం నేర్చుకోవాలనీ, ఆ సమయానికి రుసుము నేరుగా ఆమె సహకార సంఘానికి చెల్లిస్తామనీ ముందే రాసి ఏర్పాటు చేయించుకో. మన కోసం ప్రత్యేకంగా అల్లించుకునే ప్రయాణానికి ఎక్కువ డబ్బు పెట్టేది ఇలాంటి సగం రోజుల కోసమే. హోటల్‌కు ఒక నక్షత్రం తగ్గినా ఫరవాలేదు.

మాచు పిచ్చు టికెట్లు తేదీకీ గంటకీ కట్టుబడి ఉంటాయి, నెలల ముందే అయిపోతాయి. లోపల నడిచే మార్గాన్ని కూడా టికెట్ కొనేటప్పుడే ఎంచుకోవాలి. రెండో మార్గం ప్రసిద్ధమైన దృశ్యాన్నీ, నగరపు లోపలి భాగాన్నీ చూపిస్తుంది కాని మెట్లు ఎక్కువ. మూడోది దిగువ భాగంలో సాగుతుంది కాబట్టి బావగారికి అదే మేలు. మీరిద్దరూ రెండో మార్గంలోనూ, పెద్దవాళ్లిద్దరూ వేరొక గైడుతో మూడో మార్గంలోనూ వెళ్లి బయట కలుసుకోవచ్చు. టికెట్ మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కొక్కరికి ఒక్కో చోట పడుతుంది, కొందరికి అసలు ఖాళీగానే ఉంటుంది. కాబట్టి విమానం, రైలు, మాచు పిచ్చు టికెట్లన్నింటికీ పాస్‌పోర్టు పేజీల నకళ్లే పంపు, పేర్లను నువ్వు టైపు చేసి పంపవద్దు. ఓయాంతాయ్‌తాంబో నుంచి వెళ్లే రైలులో చిన్న చేతిసంచులే అనుమతిస్తారు, పెద్ద పెట్టెలు హోటల్లో వదిలి వెళ్లండి. సమ్మెల వల్ల రైళ్లు, రోడ్లు ఆగిపోవడం అక్కడ అరుదేమీ కాదు కాబట్టి, మాచు పిచ్చు తరువాత ఒక రోజును ఏ పనీ పెట్టకుండా ఉంచు.

అడవి విషయంలో అల్లుడుగారి మనసు మనూ మీద ఉందని తెలుసు. పక్షుల కోసం వెళ్లేవారికి కుస్కో నుంచి పౌకార్తాంబో మీదుగా మేఘారణ్యంలోకి దిగే ఆ దారికి సాటి లేదు. పెరూ జాతీయ పక్షి అయిన కాక్ ఆఫ్ ద రాక్ జాతిలో ఎర్రని మగపక్షులు గుంపుగా చేరి ఆడపక్షుల కోసం నాట్యమాడే చోట్లు ఆ దారిలోనే ఉన్నాయి. కానీ నలుగురి ప్రయాణంగా చూస్తే, కుస్కో నుంచి గంట లోపు విమానంలో పుయెర్తో మల్దొనాదోలో దిగి, పడవలో తంబోపాతా అభయారణ్యానికి వెళ్లడమే నా సలహా. నదీతీరపు బంకమన్ను గట్ల మీద తెల్లవారుజామున రంగురంగుల మకావ్ చిలుకలు వాలి మట్టి తింటాయి. ఆ ప్రాంతపు ఆహారంలో కొరవడిన సోడియం కోసమే అవి అలా చేస్తాయని శాస్త్రజ్ఞులు ఎక్కువగా భావిస్తున్నారు. సాందోవాల్ సరస్సులో పడవలో కూర్చునే పెద్ద నీటికుక్కలను చూడవచ్చు, అయితే సరస్సు దాకా కొంత బురదబాట నడవాలి, అది బావగారికి సరిపడుతుందో లేదో అడిగి తేల్చుకో. ఎసె ఎజా ఆదివాసులు భాగస్వాములుగా నడిచే వసతి గృహం అక్కడ ఉంది, దానికే మొగ్గు చూపు. జూన్ నుంచి ఆగస్టు వరకు దక్షిణం నుంచి చలిగాలులు వీచి ఆ ఉష్ణారణ్యం కూడా రెండు మూడు రోజులు వణికిపోతుంది కాబట్టి, అడవికే కదా అని స్వెటర్లు వదిలి వెళ్లవద్దు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. పెరూ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా ధ్రువపత్రం లేకుండా అక్కడి నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారిని విమానాశ్రయంలో ఆపి, ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది. అరవై దాటినవారికి ఈ టీకా వల్ల తీవ్రమైన దుష్ఫలితాల ప్రమాదం కొంత ఎక్కువ కాబట్టి, అక్కయ్యనూ బావగారినీ వారి వైద్యునికి చూపించి, తరువాత హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో మాట్లాడు. వారికి టీకా వద్దని వైద్యుడు అంటే ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టి మనం వేరే దేశం గురించి ఆలోచిద్దాం. ఎత్తు జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే అసెటజోలమైడ్ గురించి కూడా అదే రోజు అడుగు, బావగారి రక్తపోటు మందుల సంగతి తప్పక చెప్పు. కోకా ఆకుల తేనీరు అక్కడ ప్రతి హోటల్లోనూ ఇస్తారు, తాగవచ్చు, కానీ ఒక్క ఆకు కూడా సంచిలో వేసుకుని రావద్దు, మన చట్టంలో అది మాదకద్రవ్యం.

మన దేశం నుంచి లిమాకు నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే అక్కడ దిగి మారడానికి కూడా ఆ దేశపు వీసా కావాలి, ఐరోపా మీదుగా వెళితే ఆయా దేశాల నిబంధనలు చూసుకోవాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెన్‌గెన్ దేశాల వీసా ఆరు నెలల గడువుతో చేతిలో ఉన్న భారతీయులకు పెరూ వీసా మినహాయింపు ఇచ్చింది. మీ ఇద్దరికీ అది వర్తిస్తుంది, పెద్దవాళ్లకు వర్తించకపోవచ్చు, పెరూ రాయబార కార్యాలయంలో విచారించు. కాలంలో పదిన్నర గంటల తేడా ఉంటుంది కాబట్టి లిమాలో రెండు రాత్రులు ఆగి, ఒక పూట లార్కో మ్యూజియంలో మోచే అనే ప్రాచీన నాగరికత నాటి కుండలూ, ముడుల తాళ్లతో లెక్కలు రాసుకున్న కీపూలూ చూడండి. మిగతా సమయం నిద్రపోండి.

అక్కయ్య భోజనానికి మొక్కజొన్న, కీనువా గింజలు, దుంపలు, చిక్కుళ్లు సమృద్ధిగా దొరుకుతాయి, అయితే మాంసం వద్దని చెప్తే కోడిని వడ్డించే అలవాటు అక్కడ ఉంది, సూపులకు కోడి రసమే పునాది. మాంసం, కోడి, చేప, వాటి రసం ఏవీ వద్దని స్పానిష్‌లో రాయించిన చీటీ ఆమె సంచిలో ఉండాలి. ఇంటి నుంచి తెచ్చే పొడులను సీలు చేయించి, దిగగానే కస్టమ్స్ పత్రంలో ప్రకటించు. పచ్చళ్ల సీసాలు వద్దు.

ఇప్పుడు కుస్కోలోని రెండు మూడు స్థానిక ఏజెన్సీలకు నువ్వు రాయవలసిన ఉత్తరం మిగిలింది. ప్రణాళిక పంపండి అని ఒక్క ముక్కలో అడిగితే అందరికీ పంపే కాగితమే నీకూ పంపుతారు. నలుగురి వయసులు, మోకాళ్లు, భోజనం, నువ్వు నేత కోసమూ అల్లుడుగారు పక్షుల కోసమూ వస్తున్న సంగతి, రోజుకు ఎన్ని గంటలకు మించి కారులో కూర్చోలేరో, ఇవన్నీ ఒక పేజీలో రాయి. గైడు ఎవరు, నేత గురించి మాట్లాడగలరా, కారులో ఆక్సిజన్ ఉంటుందా, ధరలో ఏ టికెట్లు కలిసి ఉన్నాయి, రద్దయితే ఎంత తిరిగి వస్తుంది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అని అడుగు. పర్యాటక శాఖ నమోదు పత్రం చూపమను. నీ ఎత్తుల క్రమాన్ని చూసి ఏ మార్పూ చెప్పకుండా అన్నిటికీ సరేనన్న ఏజెన్సీ కంటే, ఇక్కడ ఒక రాత్రి ఎక్కువ ఉండమని వాదించిన ఏజెన్సీని నమ్ము. మొత్తం సొమ్ము ఒకేసారి పంపకు, మాచు పిచ్చు టికెట్ల నకళ్లు చేతికి వచ్చాకే రెండో వాయిదా కట్టు. ఆ ఉత్తరం చిత్తు ప్రతి సిద్ధమయ్యాక నాకు పంపితే, పెద్దవాళ్ల సంగతుల్లో ఏమైనా మరిచావేమో చూసి చెప్తాను. వైద్యుని దగ్గరికి మాత్రం ఈ వారంలోనే తీసుకెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య