ఏడో పిన్ను ఎందుకు మసకబారింది?

ప్రశ్న: వినాయక చవితి పందిట్లో స్వామి వెనుక వెలుతురు మెల్లగా పెరిగి తగ్గేలా అమర్చాలని ఆర్డునో ఊనో బోర్డు (ప్రోగ్రాము రాసి దీపాలను, మోటార్లను నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) కొన్నాను. 7, 8, 9, 10 పిన్నులకు 220 ఓమ్‌ల రెసిస్టరుతో ఒక్కొక్క ఎల్‌ఈడీ కలిపాను. 9, 10 చక్కగా పనిచేస్తున్నాయి. 8 మాత్రం ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతోంది. ఎప్పుడూ వెలగాల్సిన 7 మసకగా ఉంది. బోర్డు కాలిపోయిందని అంగడిలో అన్నారు. ఇంకొకటి కొనాలా? 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను కూడా దీనికే కలపవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కొనవద్దు, మీ బోర్డు బాగానే ఉంది. ఏడో పిన్నుకు మీరు ప్రోగ్రాములో డిజిటల్‌రైట్ అనే ఆదేశంతో 'హై' (వెలుగు) ఇచ్చారు గానీ, అంతకుముందు పిన్‌మోడ్ ఆదేశంతో దానిని అవుట్‌పుట్‌గా ప్రకటించడం మరచిపోయి ఉంటారు. ఊనోలో పిన్నులన్నీ మొదట ఇన్‌పుట్‌లుగానే ఉంటాయి. అలా ఉన్న పిన్నుకు 'హై' ఇస్తే లోపలున్న 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టరు మాత్రమే కలుస్తుంది కనుక, 13 మిల్లీ ఆంపియర్లు పారవలసిన చోట అందులో నూరో వంతే పారుతుంది. 9, 10 పిన్నులకు ఈ తిప్పలు రాలేదంటే, వాటి వెలుతురు స్థాయిని నిర్ణయించే అనలాగ్‌రైట్ ఆదేశం ఆ ప్రకటనను తానే చేసుకుంటుంది కాబట్టి.

ఎనిమిదో పిన్ను సంగతి వేరు. వెలుతురును తగ్గించి పెంచే పీడబ్ల్యూఎం సౌకర్యం ఊనోలో 3, 5, 6, 9, 10, 11 పిన్నులకే ఉంది. బోర్డు మీద ఆ అంకెల పక్కన అలలాంటి చిన్న గీత కనిపిస్తుంది. మిగిలిన పిన్నులకు అనలాగ్‌రైట్ ఇస్తే, విలువ 127 దాకా దీపం ఆరిపోయే ఉండి, 128 దగ్గర భగ్గున వెలుగుతుంది. సీరియల్ మానిటరులో (బోర్డు పంపే విలువలను కంప్యూటరు తెరపై చూపే కిటికీలో) విలువను చూస్తూ ఉండండి, ఆ మలుపు కంటికే తెలుస్తుంది. ఆ తీగను 6కు మార్చండి. మూషికం తల ఊపడానికి సర్వో మోటారు కూడా పెట్టే ఆలోచన ఉంటే, సర్వో లైబ్రరీ వాడగానే 9, 10 పిన్నులకు పీడబ్ల్యూఎం పోతుందని గుర్తుంచుకోండి.

స్ట్రిప్‌ను మాత్రం నేరుగా కలపకండి. పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోవడం మంచిది కాదు. మీటరుకు 60 ఎల్‌ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ మీటరుకే దాదాపు 1.2 ఆంపియర్లు లాగుతుంది. మధ్యలో ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ వంటి లాజిక్ లెవెల్ మాస్ఫెట్ (పిన్ను ఇచ్చే 5 వోల్టులతోనే పెద్ద కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉండాలి. దాని బదులు ఐఆర్‌ఎఫ్540 ఇస్తే తీసుకోకండి, అది 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోక వేడెక్కుతుంది. మాస్ఫెట్‌కు గేటు, డ్రెయిను, సోర్సు అని మూడు కాళ్లుంటాయి. గేటును 220 ఓమ్‌ల ద్వారా పిన్నుకూ, 10 కిలో ఓమ్‌ల ద్వారా గ్రౌండుకూ, స్ట్రిప్ మైనస్ తీగను డ్రెయినుకూ, సోర్సును గ్రౌండుకూ కలిపి, ప్లస్ తీగను 12 వోల్టుల అడాప్టరుకే ఇవ్వండి. అడాప్టరు గ్రౌండునూ బోర్డు గ్రౌండునూ ఒకటిగా కలపకపోతే స్ట్రిప్ మీ మాట వినదు. రెండు మీటర్లకు 3 ఆంపియర్ల అడాప్టరు సరిపోతుంది.